పాత మందిరము – క్రొత్త మందిరము



మన గ్రామ సంఘములలో ఈ దినములలో ఒక ప్రశ్న తరచుగా లేచుచున్నది. మిషను కాలమున కట్టిన చిన్న మందిరము పాతబడినది. గోడలు నెఱ్ఱెలు విచ్చినవి. పెంకులు జారి వానకాలమున బల్లలు తడియుచున్నవి. సంఘము పెరిగినది, క్రిస్మసు నాడు సగము మంది వెలుపలనే నిలువవలసి వచ్చుచున్నది. యౌవనస్థులు, "దీనిని పడగొట్టి శ్లాబుతో పెద్ద మందిరము కట్టుదము" అందురు. వృద్ధులు, "ఇది మా తండ్రులు కట్టినది, మా పెండ్లిండ్లు ఇందులోనే జరిగినవి, మేము బ్రదికియుండగా దీనికి గడ్డపార తగులనియ్యము" అందురు. ఇట్లు సంఘము రెండు పక్షములగును. కొన్ని చోట్ల అన్నదమ్ములు మాటలు మానుకొని, ప్రభువు బల్లకు కూడ వేరువేరు ఆదివారములలో వచ్చుచున్నారు. కొన్ని చోట్ల తగవు కోర్టు వరకు పోయినది.

పైకి ఇది ఇటుకల తగవువలె కనబడును. అయితే దీని క్రింద ఒక ఆత్మీయమైన ప్రశ్న ఉన్నది. రాతికిని సున్నమునకును పరిశుద్ధత కలదా? పితరులు ప్రార్థించిన గోడలను పడగొట్టుట కృతఘ్నత యగునా? వాటిని పట్టుకొని వదలకుండుట ఒక విధమైన విగ్రహారాధన యగునా? ఈ ప్రశ్నకు తొందరపడి ఉత్తరము చెప్పకూడదు. మన ప్రాంతములో ఇంతకు ముందు కట్టబడి, చేతులు మారి, నిలిచినవియు కూలినవియునైన ఆరాధన స్థలముల సంగతి మొదట కొంత తెలిసికొని, పిమ్మట లేఖనములయొద్దకు పోదము.

నరసరావుపేట ప్రాంతమున నకరికల్లు మండలములో చేజర్ల అను గ్రామము కలదు. ఇప్పుడది పల్నాడు జిల్లాలో చేరియున్నది. అక్కడి కపోతేశ్వరాలయము మన రాష్ట్రమందలి మిక్కిలి పాత కట్టడములలో నొకటి. దాని గర్భాలయము ఇటుకలతో కట్టబడినది. వెనుకభాగము ఏనుగు వెనుక తట్టువలె గుండ్రముగా తిరిగియుండును. అందుచేత పండితులు దానిని గజపృష్ఠాకారమందురు. ఇట్టి ఆకారము బౌద్ధుల చైత్యములకు వాడుకగా నుండినది గనుక, అది మొదట బౌద్ధులదై తరువాత శివాలయమాయెనని అనేకులు వ్రాసిరి; మొదటినుండియు శివాలయమే యని వాదించినవారును కలరు. శరణుజొచ్చిన పావురమును కాపాడుటకు తన శరీరమునే కోసి యిచ్చిన శిబి చక్రవర్తి కథను ఆ స్థలమునకు ముడిపెట్టి చెప్పుదురు. ఆ కథ మహాభారతమందును ఉన్నది, బౌద్ధుల కథలయందును ఉన్నది. చూడుడి, రెండు మతములవారు ఒకే కథను తమదనుకొనిరి. ఒకే కప్పును గూర్చి రెండు మతముల పేర్లు చెప్పబడుచున్నవి.

ఇందులో మనము నేర్చుకొనవలసినది, ఎవరి గుడి ఎవరు తీసికొనిరని పొరుగువారితో వాదించుట కాదు. అట్టి వాదము వలన ఎవనికిని రక్షణ కలుగదు. నేర్చుకొనవలసినదేమనగా, కప్పు నిలిచినంత మాత్రమున దాని క్రింద జరిగిన ప్రార్థన నిలువదు. గోడలకు విశ్వాసమును కాపాడు శక్తి లేదు. కట్టినవారి పిల్లలలో విశ్వాసము ఆరిపోయినయెడల ఎంత గట్టి కట్టడమైనను ఇంకొకరిదగును, లేక గబ్బిలములదగును.

ఇక కృష్ణానది ఒడ్డున నున్న అమరావతికి పోదము. అక్కడ ఒకప్పుడు చలువరాతి పలకలతో అలంకరింపబడిన గొప్ప బౌద్ధ స్తూపముండెను. కాలక్రమమున బౌద్ధులు ఆ ప్రాంతమున లేకపోయిరి. స్తూపము మట్టిదిబ్బ ఆయెను. జనులు దానిని దీపాలదిన్నె అనిరి. 18వ శతాబ్దపు చివరి యేండ్లలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిలో పట్టణము కట్టించుచుండగా, రాతికొరకును ఇటుకకొరకును ఆ దిబ్బను త్రవ్విరి. 1797లో కాలిన్ మెకంజీ అను కంపెనీ అధికారి వచ్చి దానిని చూచెను. కొన్ని యేండ్లకు అతడు తిరిగి వచ్చునప్పటికి చాల భాగము పోయియుండెను. కొన్ని పలకలు మెట్లకును గోడలకును పోయెను. కొన్ని బట్టీలో కాలి సున్నమాయెను. మిగిలినవాటిలో అనేకము 1845లో వాల్టరు ఎలియట్ త్రవ్వించినవియు, ఆ తరువాత ఇతరులు తీయించినవియు, మద్రాసుకును లండనుకును చేరి నేటికిని అక్కడి మ్యూజియములలో ఉన్నవి.

అట్లు మిగిలిన పలకలలో ఒకదానిని గూర్చి మీకు ప్రత్యేకముగా చెప్పగోరుచున్నాను. దానిమీద ఒక పూర్ణకుంభము చెక్కబడియున్నది. దాని శాసనములో దాత పేరు ఉన్నది. అతడు రాజు కాడు, సేనాపతి కాడు. విధికుడు అను చర్మకారుడు. తన తల్లితోను, భార్యతోను, సహోదరులతోను, కుమారునితోను, కుమార్తెలతోను కూడి ఆ పలకను కానుకగా ఇచ్చెనని దానిమీద వ్రాయబడియున్నది. సుమారు 1,800 సంవత్సరముల క్రిందట మన కృష్ణాతీరమున తోలుపని చేసికొని బ్రదికిన ఒక కుటుంబము ఆరాధన స్థలమునకు రాయి ఇచ్చినది. వారి పేరు దానిమీద నిలిచినది. మనము వారి మతమువారము కాము. అయినను మన పల్లెలలో ఎందరి తాతలు ఆ పనివారలే! కొన్ని తరముల తరువాత అదే పని చేసికొనువారికి ఊరి గుడి వాకిలి మూయబడెను. మద్రాసు రాష్ట్రములో ఆలయప్రవేశమునకు పూర్తి హక్కునిచ్చు చట్టము 1947లో గాని రాలేదు.

విధికుని పలక దొరికినది గనుక అతని పేరు మనకు తెలిసినది. సున్నపు బట్టీలో కాలిన పలకలమీద ఎందరి పేర్లు ఉండెనో! రాజుల పేర్లు చరిత్రలో ఎట్లయినను దొరకును. బీదవాని పేరు ఒక్క రాతిమీదనే ఉండును. ఆ రాయి కాలినయెడల పేరును కాలిపోవును. చదువరులారా, ఈ మాట మరువకుడి. మన పాత మందిరముల విషయములో తీర్పు చేయుటకు ఇది పనికివచ్చును.

ఇప్పుడు మన యింటి చరిత్రకు వత్తము. 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరి లూథరను మిషను పని ఆరంభించెను. ఒంగోలులో బాప్తిస్టు పని మొదలైన విధము మీరు వినియున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుచుండగా లైమన్ జూయెట్ దొరగారును, దొరసానిగారును, జూలియా, రూతు అను తెలుగు స్త్రీలిద్దరును, నర్సు అను బోధకుడును, మొత్తము ఐదుగురు ఒక కొండమీద మోకాళ్లూని ఈ దేశముకొరకు ప్రార్థించిరి. ఆ కొండమీద అప్పుడు వారికి మందిరము లేదు, గంట లేదు, బల్ల లేదు. పండ్రెండేండ్లకు, అనగా 1866లో, జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చిరి. 1867 జనవరి 1న 8 మందితో సంఘము ఏర్పడినది.

ఆ తొలి దినములలో విశ్వసించినవారిలో తాళ్లకొండపాడు నివాసియైన యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు ముఖ్యులు. ఆయన తోళ్ల వర్తకుడు, మాదిగ కులస్థుడు. ఆయనను ఆయన జనులను సంఘములో చేర్చుకొనునప్పటికి, అప్పటివరకు వాక్యము వినుటకు వచ్చుచుండిన అగ్రకులస్థులు, "వీరిని చేర్చుకొన్నయెడల మేము రాము" అనిరి. క్లౌగారు చాల కలవరపడిరి. ఆ సమయమున ఆయనయు ఆయన భార్యయు, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, వేరువేరుగా బైబిలు తెరచి మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములో ఒకే భాగమును చూచిరి. లోకములో నీచులుగాను తృణీకరింపబడినవారుగాను ఎంచబడువారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చి అపొస్తలుడు వ్రాసిన భాగమది. దానితో వారి సందేహము తీరెను. వాకిలి మూయబడలేదు.

తరువాత 1876–78లో గొప్ప కరువు వచ్చెను. క్లౌగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. కూటికొరకు మతములో చేరిరను మాట రాకుండునట్లు కరువు పని జరిగినంతకాలము బాప్తిస్మములు ఆపివేసిరి. పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లి యొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున వారి పైకప్పు ఆకాశము. వారి నేల ఏటి యిసుక.

కావున మన సంఘము మందిరములో పుట్టలేదు. కొండమీద పుట్టినది, కాలువ గట్టున పెరిగినది, ఏటిలో ముద్ర పొందినది. మందిరములు తరువాత వచ్చినవి. మొదట తాటాకు పాక. అది బడియు అదే, గుడియు అదే. తరువాత మట్టిగోడ. ఆ తరువాత రాతిగోడ, గానుగ సున్నము, మంగుళూరు పెంకు. ఆ సొమ్ములో సముద్రముల ఆవలి కానుకలును కలిసినవి, మన తల్లుల పిడికెడు బియ్యమును కలిసినవి. వంట చేయునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారము నాడు కొంగున కట్టి తెచ్చిన బియ్యము! ప్రత్తి తీసిన కూలి, మిరపకాయలు కోసిన కూలి, పగలు రైతు పొలములో పని చేసి రాత్రి వెన్నెలలో రాళ్లు మోసిన కండలు ఆ గోడలలో ఉన్నవి. శిలాఫలకము మీద పునాది వేసిన దొరగారి పేరు ఉన్నది గాని మోసినవారి పేర్లు లేవు. విధికునికి దొరికిన భాగ్యము వారికి దొరకలేదు.

ఇప్పుడు లేఖనములయొద్దకు పోదము. ఈ విషయమై మూడు సాక్ష్యములు కనబడుచున్నవి.

యెహోషువ నాల్గవ అధ్యాయములో ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నదిలోనుండి పండ్రెండు రాళ్లు తీసి గిల్గాలులో నిలువబెట్టిరి. పిల్లలు ఆ రాళ్లను గూర్చి అడిగినప్పుడు తండ్రులు దేవుని కార్యమును వివరింపవలెనని ఆజ్ఞ కలిగెను. కావున రాళ్లను నిలువబెట్టుట తప్పు కాదు. అయితే ఆ రాళ్ల పని ప్రశ్న పుట్టించుట. ఉత్తరము చెప్పవలసినవాడు తండ్రి. ఉత్తరము ఎండిపోయిన తరువాత ఆ గిల్గాలుకు ఏమి సంభవించెను? ఆమోసు ప్రవక్త కాలమునకు, బేతేలుకును గిల్గాలుకును పోవద్దని దేవుడే చెప్పవలసివచ్చెను. పరలోకపు గవిని యని యాకోబు వణకిన స్థలమే బేతేలు. అక్కడనే యరొబాము దూడను నిలిపెను. స్థలము మారలేదు, మనుష్యులు మారిరి.

రెండవది, రెండవ రాజుల గ్రంథము పదునెనిమిదవ అధ్యాయములో హిజ్కియా చేసిన పని. అరణ్యములో మోషే చేసిన ఇత్తడి సర్పము దేవుని ఆజ్ఞచొప్పున చేయబడినది. దాని మూలముగా ప్రాణములు దక్కెను. అంతకంటె గొప్ప జ్ఞాపకచిహ్నము ఏ సంఘమునకు కలదు? అయినను జనులు దానికి ధూపము వేయుట చూచి ఆ రాజు దానిని ముక్కలు చేసెను. లేఖనము అతనిని మెచ్చుకొనుచున్నది. పితరులనుండి వచ్చినదని దేనినైనను దేవుని స్థానమున నిలుపకూడదు.

మూడవది, ఎజ్రా మూడవ అధ్యాయము. చెరనుండి తిరిగి వచ్చినవారు క్రొత్త ఆలయమునకు పునాది వేసినప్పుడు, మొదటి ఆలయమును చూచిన వృద్ధులు గట్టిగా ఏడ్చిరి. ఇతరులు సంతోషముతో కేకలు వేసిరి. ఏడ్పేదో కేకయేదో దూరమునకు తెలియరాలేదు. వృద్ధుల ఏడ్పును అక్కడ ఎవరును గద్దించినట్లు లేదు. వారు ఏడ్చిరని పునాది ఆగనులేదు. రెండు ధ్వనులును ఒక్క సంఘములోనుండి ఒక్కసారిగా దేవుని సన్నిధికి చేరెను.

ఈ మూడింటిని కలిపి చూచినయెడల మన ప్రశ్నకు ఉత్తరము దొరకుచున్నది. మందిరపు గోడలు తమంతట తాము పరిశుద్ధములు కావు, అవి సాక్ష్యములు. సాక్ష్యము చెప్పగలిగినంతకాలము వాటిని గౌరవింపవలెను. అవి ఏమి చెప్పుచున్నవో సంఘము మరచినయెడల, గోడలు నిలిచియున్నను మందిరము అప్పుడే కూలినది. ఆ సాక్ష్యము సంఘపు హృదయములో భద్రముగా ఉన్నయెడల, అవసరము వచ్చినప్పుడు గోడలు తీసి క్రొత్తవి కట్టుట పాపము కాదు. పడగొట్టుటలో తప్పెక్కడ ఉన్నదనగా, ఎవరి కష్టమును పడగొట్టుచున్నామో తెలిసికొనకయే పడగొట్టుటలో. కాపాడుటలో తప్పెక్కడ ఉన్నదనగా, గోడను కాపాడి దానిలో పుట్టిన ప్రేమను పోగొట్టుకొనుటలో.

ఈ సాక్ష్యము సంపూర్ణముగా ఉండవలెను. మన పిల్లలకు వెల్లంపల్లి సంగతి చెప్పుచు, తరువాత జరిగినది దాచకూడదు. పేరయ్యగారికి తెరువబడిన వాకిలి లోపల మనమే మరల గోడలు కట్టుకొంటిమి. ఒకే గ్రామములో మాలపల్లెకు ఒక మందిరము, మాదిగపల్లెకు ఒక మందిరము. ఒక పల్లెకు ఒక మిషను, వేరొక పల్లెకు వేరొక మిషను వచ్చినందున మొదట అట్లు జరిగియుండవచ్చును. అయితే నేటికిని ఒకరి గంట మ్రోగినప్పుడు రెండవవారు చెవులు మూసికొనుటకు ఏ మిషను కారణము? ఆ మందిరముకంటె మన మందిరము పది అడుగులు ఎత్తుగా ఉండవలెనని కట్టు గోపురము ప్రభువు మహిమకొరకైనది కాదు. అట్టి గోపురముకంటె, వాన కారుచున్న పాత పెంకుల క్రింద రెండు పల్లెలవారు కలిసి తడియుట మేలు.

వృద్ధులైన సహోదరులారా, మీ కన్నీరు వ్యర్థము కాదు. దానిని మాటలలోనికి మార్చుడి. గడ్డపారకు అడ్డుగా పండుకొనుటకు ముందు, మీకు తెలిసినది చెప్పుడి. ఆ స్థలము ఎవరు ఇచ్చిరి? మొదటి ఉపదేశి ఎవరు? విశ్వసించినందుకు కూలికి పిలువబడక పస్తులున్నవారెవరు? మీరు చెప్పకపోయినయెడల ఆ సంగతులు మీతోకూడ సమాధిలోనికి పోవును. అప్పుడు పాత మందిరము నూరేండ్లు నిలిచినను ప్రయోజనమేమి?

యౌవనస్థులారా, మీ ఆసక్తి దేవుడిచ్చినదే. అయితే గడ్డపార ఎత్తక మునుపు ఈ కొన్ని పనులు చేయుడి. ఒక ఆదివారము సాయంకాలము వృద్ధులను ముందు కూర్చుండబెట్టి, సండేస్కూలు పిల్లలచేత ప్రశ్నలు అడిగించి, ఉత్తరములు ఒక పుస్తకములో వ్రాయుడి. బాప్తిస్మపు రిజిస్టరును చెదలు తినకమునుపే ప్రతి తీయుడి. రాళ్లు మోసినవారి పేర్లలో దొరికినన్ని, పిడికెడు బియ్యము ఎత్తిన తల్లుల పేర్లతోకూడ, వ్రాసి పెట్టుడి. పాత పునాదిరాతిని కంకరలో వేయక క్రొత్త గోడలో పదిమందికి కనబడునట్లు నిలుపుడి. పాత గంటనే మ్రోగించుడి. ఫ్యానుకు ఒక పేరు, బల్లకు ఒక పేరు వ్రాసి, డబ్బులేని విధవరాలు తలవంచుకొని కూర్చుండునట్లు చేయకుడి.

అప్పును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. మన నేల ప్రత్తిని మిరపను నమ్ముకొన్న నేల. ఒక యేడు బంగారము పండును. మరుసటి యేడు పురుగు తినును. 1987–88లో తెల్లదోమవలన ప్రత్తి పోయి, అప్పులు తీర్చలేక ఈ ప్రాంతపు రైతులు కొందరు ప్రాణములు తీసికొనిన సంగతి మరువరానిది. అట్టి నేలలో ఇంటికి ఇంత అని పన్నువలె వేసి, ఇయ్యలేనివానిని సంఘములో సిగ్గుపరచి కట్టు మందిరము ఎవరికొరకు? కలిగినంతలో కట్టుడి. ఈ యేడు పునాది, వచ్చు యేడు గోడలు, దేవుడు పంట ఇచ్చిన యేడు శ్లాబు. కరువు తీరువరకు బాప్తిస్మములనే ఆపిన సంఘము, పంట వచ్చువరకు శ్లాబు ఆపలేదా?

ప్రియులారా, మనలను సజీవమైన రాళ్లుగా కట్టవలెనని అపొస్తలుడైన పేతురు వ్రాసెను. ఆ కట్టడములో ఒక రాయి రెండవదానిమీద ఆనుకొనక తప్పదు. మీ సంఘములో ఈ తగవు ఉన్నయెడల, ఈ పత్రిక మడిచి పెట్టి, మాట మానిన సహోదరుని యింటికి ఈ సాయంకాలమే పొండి. మందిరము మాట ఎత్తకుడి. మీ తాతను గూర్చి ఆయనకు తెలిసినది అడుగుడి. ఆయన తాతను గూర్చి మీకు తెలిసినది చెప్పుడి. ఆ యిద్దరు కలిసి మోసిన రాళ్లు కొన్ని ఆ గోడలో తప్పక ఉండును. అటు తరువాత కూర్చుండి, పాతదానిని బాగుచేయుటయో క్రొత్తదానిని కట్టుటయో, ఇద్దరు కలిసి ప్రార్థించి నిర్ణయించుడి.

కొండమీద ఐదుగురి ప్రార్థన ఆలకించిన దేవుడు మీ ప్రార్థనను ఆలకించును గాక. ఆమేన్.